గువాహటికి మూడు గంటల లోపే

చెన్నై నుంచి గువాహటికి గాలిలో దూరం రెండు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ, ప్రయాణ సమయం మూడు గంటల లోపే అని ఫోన్ చెప్పింది. నేను నమ్మలేదు. మా సూళ్లూరుపేట బజారులో పుట్టి పెరిగినవాళ్లెవరూ మొదట చెప్పిన అంకెను నమ్మరు. చీర ధర అయినా, చేప బరువయినా, పెళ్లికొడుకు వయసయినా మొదటి అంకె చెవిన పడగానే మా మొహం దానంతటదే చిన్నబోతుంది, కాలు దానంతటదే పక్క కొట్టు వైపు తిరుగుతుంది. ఫోన్‌కి నా మొహం కనపడదు కాబట్టి దాన్ని కాసేపు బోర్లా పెట్టి, అక్కర లేనట్టు రెండు డజన్ల గాజులు సర్ది, మళ్లీ తీసి అడిగాను. మళ్లీ అదే మాట. ఒక్క నిమిషం కూడా దిగలేదు.

మాది ఫ్యాన్సీ షాపు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా నాన్న ఈ బేరమంతా చూస్తున్నాడు. మూడు గంటలంటే నెల్లూరు పోయి, ఒక టీ తాగి, తిరుగు బస్సు కోసం నిలబడేంత సేపు కదా, అంతలోనే దేశం ఆ కొసకు ఎట్లా చేరుస్తాడు, ఎక్కడో ఏదో దాస్తున్నాడు, గట్టిగా అడగమన్నాడు. నాన్న అన్నదాంట్లో నిజముందని తరువాత తెలిసింది. ఆ మూడు గంటలు విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి. మా గుమ్మం నుంచి చెల్లెలి గుమ్మానికి కాదు. మధ్యలో ఆటో, రైలు, మెట్రో, క్యూలు, మళ్లీ కారు. సరుకు రేటు ఒకటి చెప్పి, తీరా చేతికొచ్చేసరికి రవాణా, కూలీ, గోనెసంచి అన్నీ కలిపే వ్యాపారం మాకు కొత్తేమీ కాదు. కానీ మేము చేసినప్పుడు అది లౌక్యం, ఇంకొకరు చేస్తే మోసం.

ఈ లెక్కంతా ఎందుకంటే గువాహటిలో మా చెల్లెలుంది. మరిదికి బ్యాంకులో ఉద్యోగం, బదిలీ మీద అక్కడికి వెళ్లారు. చెల్లెలికి అప్పుడు నాలుగో నెల. తిన్నది ఏదీ కడుపులో నిలవడం లేదు. అన్నం ఉడికే వాసన పడదు, పాలు పడవు, మంచినీళ్లు తాగినా పరుగే. డాక్టరమ్మ ఒకసారి సెలైన్ ఎక్కించి పంపింది. ఇంకా బరువు తగ్గితే ఆసుపత్రిలోనే ఉంచుకుంటానని చెప్పింది. ఒక సాయంత్రం వీడియో కాల్‌లో, దిండుకు చెంప ఆనించుకుని, చిన్నప్పుడు నా గాజుల పెట్టెలో చేయి పెట్టి దొరికిపోయినప్పటి గొంతుతో అంది:

"అక్కా, అమ్మ చేసే చేపల పులుసు ఉంటే తినగలననిపిస్తా ఉంది. అందులో మామిడికాయ ముక్క."

అమ్మకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు. గువాహటిలో చేపలు దొరకవా అని మరిది అనబోయి ఆగిపోయాడు. బ్రహ్మపుత్ర ఒడ్డున ఉన్నాడు పాపం, చేపలకేం కొదవ. కానీ మా అమ్మ పులుసు అక్కడ దొరకదు. అమ్మ మోకాళ్లు ప్రయాణానికి పనికిరావు కాబట్టి పులుసు ఆవిడ వండాలి, నేను మోయాలి. ఇంతవరకు ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉన్నాం. చెప్పుకోవడానికి అదే ఆఖరి సారి.

నెల్లూరు పులుసు గుణం మీకు తెలిసే ఉంటుంది. వండిన పూట కంటే మరుసటి పూట బాగుంటుంది. రాత్రంతా ముక్కకి పులుపు పట్టి, మామిడికాయ మెత్తబడి, నూనె పైకి తేలి, పొద్దున్నే మూత తీస్తే ఆ వాసనకు పక్క కొట్టువాళ్లు కూడా పలకరించే నెపంతో వస్తారు. కానీ ఎండాకాలంలో ఆ వైభోగం ఒక్క రోజే. అంటే పులుసుకు దాని గడియారం ఉంది, ప్రయాణానికి దాని గడియారం ఉంది. ఆదివారం సాయంత్రం పొయ్యి దిగిన పులుసు సోమవారం చీకటి పడేలోగా చెల్లెలి కంచంలో ఉండాలి. 

సోమవారం మధ్యాహ్నానికి చెన్నై నుంచి ఎక్కడా ఆగని విమానం ఒకటి కనపడింది. దాని కింద ఇంకొకటి, చాలా చవక, రెండు ఊళ్లలో ఆగి రోజంతా తిరిగి రాత్రికి చేరుతుంది. నా పెంపకం నన్ను ఊరుకోనివ్వలేదు. తక్కువ డబ్బుకు అంతసేపు కూర్చోబెడుతున్నాడు, రెండు ఊళ్లు అదనంగా చూపిస్తున్నాడు, గంటకింత అని వేసుకుంటే దాదాపు ఉచితం. నాన్న కూడా అటే మొగ్గాడు. అమ్మ వంటింట్లోంచి గరిటె గిన్నె అంచుకు కొట్టింది. నేను ఎక్కడా ఆగని టికెట్ కొన్నాను. మొదట చెప్పిన రేటుకు, మారు మాట్లాడకుండా. ఆ సాయంత్రమంతా ఒంట్లో జ్వరం ఉన్నట్టుంది. కబురు బజారంతా పాకి, మందుల షాపు అన్న వచ్చి, ఏం చేస్తాం, ఒక్కోసారి అట్లా అవుతుంది అని ఓదార్చి వెళ్లాడు.

అప్పుడు అమ్మ క్యాలెండర్ తీసింది.

సోమవారం తూర్పు దిక్కుకు శూల. ఆ రోజు తూర్పుకు ప్రయాణం పనికిరాదు. చూలాలి కోసం పోయే ప్రయాణం శూలకు ఎదురు పోతుందా అని అమ్మ కూర్చుండిపోయింది. నాన్న బేరం మొదలుపెట్టాడు. ముందు మనం చెన్నై పోతాం, చెన్నై దక్షిణం, సోమవారం దక్షిణానికి దోషం లేదు. అమ్మ ఒప్పుకోలేదు, చెన్నైలో ఏం పని, పోయేది గువాహటికి. సరే, విమానం లేచాక ముందు ఉత్తరానికి పోతుంది కదా, తూర్పుకు తిరిగేసరికి నేల మీద ఉండదు, గాలిలో ఉన్నవాళ్లకు శూల ఏమిటి అన్నాడు నాన్న. శూల నేలకా మనిషికా అన్నది మా ఇంట్లో చాలాసేపు నడిచింది. ఈ వాదనలోనే నాకొక విషయం తట్టి మతి పోయింది. నేను రైల్లో రెండు గంటలు దక్షిణంగా పోయి విమానమెక్కితే, ఆ విమానం మళ్లీ ఉత్తరంగా వచ్చి, పులికాట్ సరస్సు మీదుగా, అంటే దాదాపు మా కొట్టు నెత్తి మీదుగా పోతుంది. ఎక్కడి నుంచి బయల్దేరానో అక్కడికే రావడానికి డబ్బిచ్చి చెన్నై దాకా వెళ్తున్నాను. ఇటువంటి బేరానికి ఒప్పుకున్నదాన్ని మా బజారులో గల్లాపెట్టె మీద కూర్చోనివ్వరు.

చివరికి ప్రస్థానం దగ్గర రాజీ కుదిరింది. ప్రస్థానమంటే, బయల్దేరే రోజు మంచిది కానప్పుడు ముందు రోజే మంచి ఘడియ చూసి, వెంట తీసుకుపోయే వస్తువొకటి గడప దాటించి పోవలసిన దిక్కులో ఇంకొకరి ఇంట్లో పెట్టడం. వస్తువు కదిలింది కాబట్టి ప్రయాణం మొదలైనట్టే. మరునాడు మనిషి వెళ్తూ దాన్ని అందుకుని పోవాలి. మధ్యలో అది మళ్లీ ఇంటికి రాకూడదు. నన్నడిగితే ఇది గ్రహాలకు అడ్వాన్సు ఇవ్వడం. ఈ ఆచారం కనిపెట్టినవాళ్లు కచ్చితంగా కొట్టు పెట్టుకున్నవాళ్లే.

పెట్టవలసిన వస్తువు ఏదన్న ప్రశ్నే రాలేదు. పులుసు పోయడానికి ముందు రోజే కొన్న స్టీలు డబ్బా, మూతకు రబ్బరు వాషరు, నాలుగు వైపులా క్లిప్పులు, చుక్క కారదని హామీ. పెట్టవలసిన చోటు గురించి కూడా ప్రశ్న రాలేదు. మా కొట్టుకు సరిగ్గా తూర్పున, రోడ్డుకు అవతల, స్టీలు సామాన్ల కొట్టు ఉంది. డబ్బా కొన్నదీ అక్కడే. ఆ కొట్టు అక్క అమ్మకు కూతురు లాంటిది, చేతి చలువ ఉన్న మనిషి. ఆదివారం పొద్దున మంచి ఘడియలో నాన్న డబ్బాకు పసుపు బొట్టు పెట్టబోతే నేనే అడ్డుపడ్డాను. డబ్బా మీద స్టిక్కరు కూడా పీకనివ్వలేదు. కారితే వాపసు ఇవ్వాలి కదా, బొట్టు పెట్టి స్టిక్కరు పీకిన డబ్బాను ఎవరు తీసుకుంటారు. సరేలే అని నాన్న డబ్బా అడుగున, కనపడని చోట, చిటికెడు పసుపు రాసి రోడ్డు దాటించి అక్క చేతిలో పెట్టి వచ్చాడు. అక్క దాన్ని కళ్లకద్దుకుని కౌంటరు మీద తూర్పు మొహంగా పెట్టింది.

స్టిక్కరు ఉన్న కొత్త డబ్బాను, డబ్బాలు అమ్మే కొట్టులో, కౌంటరు మీద పెట్టి వచ్చాం. మా ఇంట్లో ముగ్గురం లెక్కలు వచ్చినవాళ్లమే, ఒక్కరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం అమ్మ పులుసు దింపింది. వంజరం ముక్కలు, పుల్ల మామిడికాయ ముక్కలు, మట్టి దాకలో ఇంకా కుతకుతలాడుతున్నాయి. డబ్బా ఇంటికి రాకూడదు కాబట్టి పులుసే డబ్బా దగ్గరికి పోవాలి. కొంత చల్లారాక దాక చుట్టూ తువ్వాలు చుట్టి నేను రోడ్డు దాటాను. అటూ ఇటూ స్కూటర్లు ఆగాయి. వాసనకు ఆగాయో నా వాలకానికి ఆగాయో తెలియదు. కౌంటరు మీద డబ్బా లేదు. అక్క సీమంతానికని మధ్యాహ్నమే వెళ్లిందట. కొట్టులో వాళ్లాయన ఉన్నాడు. నన్ను చూసి మొహమంతా వెలిగింది.

"నిన్న నువ్వు కొన్న మోడలే మే, ఇంకోటి పోయింది. కౌంటరు మీద పెట్టడం ఆలస్యం, చూసినామె ఇడవలా. అమ్మేసినా."

నా చేతిలో దాక బరువెక్కింది. అది మా ప్రస్థానమని చెప్పాను. కొట్టు అన్న మొహంలో వెలుగు ఎట్లా ఆరిందో చెప్పలేను. బొమ్మల దుకాణంలో కరెంటు పోయినట్టు. కొన్నదెవరని అడిగితే, చిట్టమూరు ఆమె, బస్టాండుకే పోతానన్నది, రబ్బరు వాషరు నాలుగుసార్లు లాగి చూసి తెగ బేరమాడింది, ఇంత గట్టి మనిషిని ఈ మధ్య చూడలేదు అన్నాడు. ఆ బాధలోనూ ఆమె బేరాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

రోడ్డు అవతల అమ్మకు విషయం అర్థమైపోయి, నాన్నతో పాటు ఇవతలికి వచ్చేసింది. అదే మోడల్ ఇంకొకటి తీసుకుందామని నాన్న అంటున్నాడు. గ్రహాలు చూసింది ఆ డబ్బాను, ఈ డబ్బాను కాదు అంటుంది అమ్మ. "మన పిల్ల కోసం కదిలిన ప్రయాణాన్ని ఎవురో ఎత్తకపోయినారు," అని ఒక్క మాట అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ భయం శూల గురించి కాదని అప్పుడు తెలిసింది. గువాహటిలో దిండుకు ఆనుకున్న ఆ చెంప గురించి. శకునాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా దాక అన్న కౌంటరు మీద పెట్టేసి, చేతికందిన అదే మోడల్ డబ్బా ఒకటి ఆయన చేత పట్టించి, ఆయన స్కూటరు వెనక ఎక్కాను.

బస్టాండులో నాయుడుపేట బస్సు ఆగి ఉంది. డ్రైవరు సీటు ఖాళీ. కిటికీ పక్కన ఒకామె, ఒళ్లో సంచి, సంచిలోంచి మా డబ్బా స్టిక్కరుతో సహా తొంగిచూస్తోంది. నా జన్మలో ఒక వస్తువును అంత ప్రేమగా చూడలేదు. కానీ ప్రేమ చూపించకూడదు. బస్సెక్కి ఆమె పక్కన నిలబడి, నోటికొచ్చిన మొదటి అబద్ధం ఆడాను. ఆ డబ్బాకు వాషరు మంచిది కాదట, కారుతుందట, కొట్టువాళ్లు మార్చి ఇమ్మన్నారు అని.

ఆమె వేరుశనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కారే డబ్బా కోసరం ఇట్ట ఎగపోసుకుంటా వచ్చినావా?"

నా పెంపకమంతా ఆ ఒక్క మాటకు కూలిపోయింది. ఎదురుగా ఉన్నది నా కంటే పెద్ద కొట్టులో చదువుకున్న మనిషి. బేరంలో అవసరం బయటపెట్టకూడదన్నది మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్పే పాఠం. నేను మొత్తం బయటపెట్టేశాను. చెల్లెలు, నాలుగో నెల, నిలవని తిండి, సెలైను, పులుసు, శూల, ప్రస్థానం, పసుపు. డబ్బా తిరగేసి చూడమన్నాను. చూసింది. అడుగున పసుపు మరక. బస్సులో వెనక సీట్లవాళ్లు కూడా లేచి చూశారు.

"తొలి చూలా?"

అవునన్నాను. ఆమె ఇంకొక కాయ ఒలిచింది. విమానం ఎంతసేపు పోతుందని అడిగింది. మూడు గంటల లోపే అన్నాను. ఆమె తలెత్తి డ్రైవరు ఖాళీ సీటును, బయట టీ కొట్టు దగ్గర తీరిగ్గా నిలబడ్డ డ్రైవరును చూసింది.

"నేను చిట్టమూరు పోయేలోపల నువ్వు పోయి పులుసు పెట్టి వచ్చేట్టుండావే."

బస్సు బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. ఇక ఇచ్చేస్తుందనుకున్నాను. ఆమె డబ్బా గుండెకు ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని, కిటికీ కింద అదే మోడల్ డబ్బాతో నిలబడ్డ స్టీలు కొట్టు అన్న వైపు చూసి చెప్పింది. ఇస్తుందట, చూలాలి సొమ్ము తనకెందుకు. కానీ బదులిచ్చేది ఒక సైజు పెద్దది ఇవ్వాలట. అన్న నోరు తెరిచాడు. ఆయన వైపు చూసిన నా చూపు ఎట్లా ఉందో కానీ, తెరిచిన నోరు మూసుకుని స్కూటరు తిప్పాడు.

అదే సమయానికి డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి కండక్టరుతో బేరం మొదలుపెట్టాను. నా జీవితంలో డబ్బు కోసం కాకుండా నిమిషాల కోసం ఆడిన మొదటి బేరం. ఆయన టైమైందంటాడు, నేను టికెట్లు ఇంకా కొట్టలేదుగా అంటాను. వెనక నుంచి ఎవరో అన్నా, కడుపుతో ఉండే పిల్ల విషయం అంటున్నారు. చిట్టమూరు ఆమె మాత్రం నిశ్చింతగా కాయలు ఒలుస్తోంది. బస్సు గేరు పడి కదలబోతుండగా అన్న వచ్చాడు, స్కూటరు ముందు పెద్ద డబ్బా మెరుస్తూ. కిటికీలోంచి పెద్దది లోపలికి, చిన్నది బయటికి. చేతికి వచ్చిన డబ్బా బరువుగా ఉంది. తీసి చూస్తే లోపల ఆమె తింటున్న వేరుశనక్కాయలు, సగానికి పైగా.

"ఖాళీ గిన్నె ఎట్ట ఇచ్చేది," అన్నది ఆమె, బస్సు కదులుతుంటే. 

బస్సు వెళ్లిపోయింది. అన్న స్కూటరు తిప్పుతూ, గట్టి మనిషి అన్నాడు.

డబ్బా బస్టాండు ఉన్న పడమటి దిక్కుకు పోయి వచ్చింది కదా, ప్రస్థానం చెడిందా అన్న చర్చ స్టీలు కొట్టులోనే జరిగింది. నాన్న తీర్పు చెప్పాడు: బస్సు కదిలే లోపలే దిగింది, పొలిమేర దాటలేదు, కాబట్టి అది ఊళ్లో తిరగడమే గానీ ప్రయాణం కాదు. అమ్మ, ఒక ముత్తైదువ చేతి మీదుగా నిండుగా తిరిగి వచ్చింది కదా అని తనే సమాధానపడింది. సీమంతం నుంచి అప్పుడే వచ్చిన అక్క విషయం విని, కట్టుకున్న పట్టుచీరతోనే మొగుణ్ణి ఒక చూపు చూసింది. ఆ చూపులో ఏముందో నేను రాయను. ఆయన ఇప్పటికీ ఆ కౌంటరు మీద ఏ వస్తువు కనపడినా అమ్మేముందు రోడ్డు ఇవతలికి చూసి, ఇది మీదేనా అని అడుగుతాడు.

గిన్నెలు, బిందెలు, కుక్కర్ల మధ్య పులుసు డబ్బాలో పడింది. నాలుగు క్లిప్పులూ నలుగురు మనుషులు వేశారు. కూల్ డ్రింకుల కొట్టు అన్న తన ఐసుపెట్టెలో చోటిచ్చాడు. తెల్లారేసరికి పులుసు రాయి అయింది. మందుల షాపు అన్న థర్మాకోల్ పెట్టె ఇచ్చాడు, ఐసు ప్యాకెట్లతో సహా.

రైలు, మెట్రో గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ఒళ్లో పెట్టె పెట్టుకుని, ఎవరి మోచేయి తగిలినా కసురుతూ పోయాను. విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి పెట్టెలో ఏముందని అడిగింది. నాకొచ్చిన బజారు తమిళంలో చేపల పులుసు అన్నాను. ద్రవం అయితే కష్టమంది. ద్రవమా, ఒకసారి కొట్టి చూడమన్నాను. ఆ అమ్మాయి నిజంగానే మూత తీయించి, వేలి గణుపుతో డబ్బా మీద కొట్టింది. టక్కుమంది. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. ఎవరికి అని అడిగింది, చెప్పాను. పెట్టె చుట్టూ టేపు తనే ఇంకో రెండు వరసలు వేసి, మీద బాణం గుర్తు అంటించింది. ఒక్క బేరం కూడా లేకుండా పనైపోయేసరికి, ఇంకేమన్నా అడుగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

విమానంలో నాది మధ్య సీటు. కిటికీ దగ్గర ఒక కుర్రాడు. సీటు మారతావా అంటే మొహమాటంగా తల అడ్డంగా ఊపాడు. చిట్టమూరు వేరుశనక్కాయల కవరు తీశాను. ఊరికే ఒలుచుకుని తినడం మొదలుపెట్టాను, అతని వైపు చూడకుండా. కాసేపటికి అతనే చూశాడు. గుప్పెడు ఇచ్చి, పుట్టిన ఊరు పైనుంచి ఒక్కసారి చూసుకోవాలని ఉంది బాబూ అన్నాను. లేచి కిటికీ ఇచ్చాడు. 

విమానం లేచిన కాసేపటికే కింద సముద్రం పక్కన ఇంకో నీళ్ల పళ్లెం కనపడింది, నీలం కాదు, బూడిద కాదు, ఎండిన చోట తెల్లటి ఉప్పు పొర. పులికాట్. దాని పడమటి అంచున ఎక్కడో మా ఊరు, బజారు, మా నాన్న గల్లాపెట్టె. రైలుకు రెండు గంటలు పట్టిన దారి ఇక్కడ గుప్పెడు వేరుశనక్కాయలు ఒలిచేంత సేపు. నేను గట్టిగా నవ్వాను. పక్క కుర్రాడు భయపడ్డాడు. మా కొట్టు ఈ కిందే, ఇక్కడ ఎక్కించుకోవడానికి ఈ విమానం వాడికేం పోయింది అన్నాను. అతను మర్యాదగా కిందికి చూశాడు. తరువాత మేఘాలే మేఘాలు. దూది కొట్టు సరుకంతా ఎవరో ఊడ్చి పోసినట్టు.

మూడు గంటల లోపే దిగాం. ఫోన్ నిజమే చెప్పింది. మొదట చెప్పిన అంకె నిజమవడం నా అనుభవంలో అదే మొదలు.

పెట్టె అందరి సామాన్ల తరువాత వచ్చింది, ఒక మూల విరిగి, బాణం కిందికి చూస్తూ. మరిది దాన్ని నా చేతి నుంచి తీసుకోబోతే ఇవ్వలేదు. కారులో గువాహటి ట్రాఫిక్‌లో ఆగినచోటల్లా చెవి ఆనించి విన్నాను. లోపల మెల్లగా కదులుతున్న చప్పుడు. రాయి మళ్లీ పులుసవుతోంది. అక్కడ పొద్దు మా ఊరి కంటే ముందే వాలింది. మేము మెట్లెక్కేసరికి ఇళ్లలో దీపాలు.

చెల్లెల్ని చూసి నేను మొహం మార్చుకోకుండా ఉండటానికి బేరాల్లో నేర్చుకున్నదంతా వాడాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కొలత చూసి నేనే ఇచ్చిన గాజులు. ఏమీ అనకుండా వంటింట్లోకి పోయి స్టిక్కరు వైపు చూస్తూ క్లిప్పులు తీశాను. చుక్క కారలేదు. నూనె మళ్లీ పైకి తేలింది. వెచ్చబెట్టగానే వాసన ఇల్లంతా పరుచుకుంది. ఆ వాసనకు చెల్లెలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది.

నేనూ మరిదీ వంటింట్లో నిలబడ్డాం. పొయ్యి కట్టేశాను. సూళ్లూరుపేట బజారంతా ఆ గిన్నె చుట్టూ నిలబడి చూస్తున్నట్టనిపించింది. అక్క, అన్న, మందుల షాపు, కూల్ డ్రింకులు, కిటికీలోంచి చిట్టమూరు ఆమె.

తలుపు తీసిన చప్పుడయింది. చెల్లెలు వచ్చి నేల మీద కూర్చుంది.

"చేప వద్దక్కా. మామిడికాయ ముక్కలేసి, కాస్త పులుసు పొయ్యి."

వేశాను. ఒక ముక్క తీసుకుంది. పళ్ల మధ్య పెట్టి కళ్లు మూసుకుని పీల్చింది. ఇంకొకటి. తరువాత అన్నం నాలుగు మెతుకులు పులుసులో తడిపింది. ఇంకా నాలుగు. నేను దేవుడితో బేరానికి దిగాను. ఒక్క ముద్ద నిలిస్తే చాలు. నిలిచింది. అయితే ఇంకొకటి. తిన్నాక గోడకు ఆనుకుని కూర్చుంది. మేమిద్దరం ఆమె మొహం వైపు చూడనట్టు చూస్తూ కూర్చున్నాం. చెన్నై నుంచి గువాహటి ఏమంత దూరమని. ఆ గోడ దగ్గర కూర్చున్నంత సేపూ, కంచంలోంచి కడుపులోకి పులుసు చేసిన ప్రయాణానికే పొద్దు గడవలేదు. బల్లి చప్పుడు చేసినా ఉలిక్కిపడ్డాం. చాలాసేపటికి చెల్లెలు ఒళ్లు విరుచుకుని, ఆకలేస్తా ఉంది, ఆ చేప ముక్క ఒకటి ఇటు ఇవ్వమంది.

మరిది లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కళ్లద్దాలు తుడుచుకోవడానికని చెప్పాడు.

అమ్మకు ఫోన్ చేశాను. ప్రయాణం ఎట్లా జరిగిందని ఆవిడ అడగలేదు. "నిలిచిందా?" అంది. నిలిచిందన్నాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు, తరువాత ఫోన్ నాన్న చేతికి పోయింది. నాన్న గొంతు సవరించుకుని డబ్బా కారిందా అని అడిగాడు. కారలేదన్నాను. మరి స్టిక్కరు ఉందా, ఉంటే ఉంచు, ఊరికొచ్చాక అడిగి చూద్దాం, ఒక సైజు పెద్దదానికి మారుస్తాడేమో అన్నాడు.

చూశాను. చెల్లెలు ఒక చేత్తో చేప ముక్క తింటూ, రెండో చేతి గోటితో, చిన్నప్పటి అలవాటు ప్రకారం, స్టిక్కరును ఒక మూల నుంచి నెమ్మదిగా పీకుతోంది. సగం వచ్చేసింది. నోరు తెరిచి, మూసుకుని, స్టిక్కరు లేదు నాన్నా అని చెప్పాను.